ఒక్క జబ్బును పట్టుకుని చదవండి



మైక్రోబయాలజీ చదువుతున్న డిగ్రీ విద్యార్థులు, డీఎంఎల్‌టీ చేసి మండల కేంద్రాల్లో, చిన్న ఆసుపత్రుల ల్యాబుల్లో పనిచేస్తున్నవాళ్లు, నర్సింగ్ విద్యార్థులు, జిల్లా కాలేజీల్లో ఈ సబ్జెక్టు చెప్పే అధ్యాపకులు, ఈ ప్రసంగం ముఖ్యంగా మీ కోసం. జబ్బుల గురించి నమ్మదగిన సమాచారం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలనుకునే మిగతా శ్రోతలకు కూడా ఇందులో పనికొచ్చే సంగతులు ఉన్నాయి. ఒక కాగితం, పెన్ను దగ్గర పెట్టుకోండి. కొన్ని పేర్లు చెబుతాను. ముఖ్యమైనవాటిని నెమ్మదిగా, రెండోసారి కూడా చెబుతాను.

ఒక మంచి మైక్రోబయాలజీ పుస్తకం కొనాలంటే వేలల్లో ఖర్చు. చాలా కాలేజీ లైబ్రరీల్లో ఉన్నది పాత ఎడిషన్, అదీ ఒకటో రెండో కాపీలు. అందుకే మన పిల్లలు ఎక్కువగా జిరాక్స్ నోట్సు మీద, వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ల మీద ఆధారపడుతున్నారు. ఆ నోట్సు ఎవరు రాశారో, ఎప్పుడు రాశారో ఎవరికీ తెలియదు. ఇక్కడ నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. ఈ శాస్త్రంలో ప్రపంచం మొత్తం మీద అత్యుత్తమమైన పుస్తకాలు, బొమ్మలు, పాఠాలు, నివేదికలు చాలావరకు ఈరోజు ఉచితం. పాడేరులో కూర్చున్న విద్యార్థి తన ఫోన్‌లో తెరవగలిగే పేజీనే బోస్టన్‌లో విద్యార్థి కూడా తెరుస్తాడు. మనవాళ్లకు ఆ పేజీ ఉందని చెప్పేవాళ్లు లేరు, అంతే.

ఉచిత వెబ్‌సైట్ల జాబితాలు కావాలంటే వందల కొద్దీ దొరుకుతాయి. వాటిని సేవ్ చేసుకుని మళ్లీ తెరవనివాళ్లే ఎక్కువ. అందుకని ఈరోజు మీకు జాబితా ఇవ్వను. ఒక జబ్బును తీసుకుందాం. దాని గురించి ఒక్కో ప్రశ్న వేసుకుంటూ, ఆ ప్రశ్నకు జవాబు దొరికే చోటికి వెళదాం. ఇలా ఒక్క జబ్బును చివరిదాకా చదివినవాడికి ఆ తర్వాత ఏ జబ్బునైనా సొంతంగా చదువుకోవడం వస్తుంది. ఈరోజుకు మలేరియా తీసుకుందాం. అది మన ఏజెన్సీ ప్రాంతాలను ఇప్పటికీ వదలని చలిజ్వరం. పైగా దాని గుట్టు బయటపడింది మన సికింద్రాబాదులోనే.

మొదటి ప్రశ్న: అసలు మలేరియా అంటే ఏమిటి, ఒంట్లోకి వెళ్లిన క్రిమి ఏం చేస్తుంది? దీనికి పాఠ్యపుస్తకం కావాలి. అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయం వాళ్లు నడిపే సంస్థ ఓపెన్‌స్టాక్స్. మళ్లీ చెబుతున్నాను, ఓపెన్‌స్టాక్స్. వాళ్లు 2016లో మైక్రోబయాలజీ పాఠ్యపుస్తకం తెచ్చారు. మొత్తం 26 అధ్యాయాలు. పీడీఎఫ్‌గా దించుకోవచ్చు, పైసా కట్టనక్కర్లేదు. ప్రతి అధ్యాయం ఒక రోగి కథతో మొదలవుతుంది. అధ్యాయం నడుస్తున్న కొద్దీ ఆ కథ మధ్యమధ్యలో వస్తూ, చివరికి రోగికి ఏం జబ్బో తేలుతుంది. చదివేవాడు పేజీ తిప్పకుండా ఉండలేడు. రక్తప్రసరణ వ్యవస్థకు సోకే జబ్బుల అధ్యాయంలో మలేరియా ఉంటుంది. ఇంగ్లీషు సరళంగా ఉంటుంది కాబట్టి తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు కూడా భయపడాల్సిన పని లేదు.

ఇంకొంచెం లోతు కావాలనుకుంటే ఎన్‌సీబీఐ బుక్‌షెల్ఫ్ ఉంది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం వాళ్లది. అందులో శామ్యూల్ బారన్ సంపాదకత్వంలో వచ్చిన మెడికల్ మైక్రోబయాలజీ నాలుగో ఎడిషన్ పూర్తిగా ఉచితం. బాక్టీరియా గోడ ఎలా ఉంటుంది, విషపదార్థాలు కణాన్ని ఎలా చంపుతాయి, మన రోగనిరోధక శక్తి ఎలా ఎదుర్కొంటుంది లాంటి మూల విషయాలకు ఇంత చక్కని పుస్తకం అరుదు. అయితే అది 1996 నాటిది. ఈ ఏడాదిని కాగితం మీద రాసుకుని గుండ్రంగా గీత గీయండి.

ఎందుకంటారా? 1996 నాటి పుస్తకాల్లో మనుషులకు మలేరియా తెచ్చే ప్లాస్మోడియం జాతులు నాలుగు అని ఉంటుంది: ఫాల్సిపారం, వైవాక్స్, ఒవేల్, మలేరియే. 2004లో మలేషియాలోని సారవాక్ ప్రాంతంలో పరిశోధకులు రోగుల రక్తానికి పీసీఆర్ పరీక్ష చేశారు. మైక్రోస్కోపు కింద మలేరియే అని రాసిన కేసుల్లో చాలావరకు కోతులకు వచ్చే నోలెసై అనే జాతి అని తేలింది. ఇప్పుడు ఐదు అని చదువుకుంటున్నాం. మందుల సంగతి ఇంకా దూరం వెళ్లింది. ఆర్టెమిసినిన్ కలిపిన మందుల జంటే ఫాల్సిపారం మలేరియాకు వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో చికిత్స మార్గదర్శకాలు ఇచ్చింది. పదేళ్ల ముందు పుస్తకంలో అది ఎక్కడి నుంచి వస్తుంది? క్రిమి శరీర నిర్మాణం పాత పుస్తకంలో చదివినా నష్టం లేదు, చికిత్స మాత్రం పాత పుస్తకంలో చదవకూడదు. ఏ పేజీ తెరిచినా మొదట అడుగున తేదీ చూడటం అలవాటు చేసుకోండి.

రెండో ప్రశ్న: మైక్రోస్కోపు కింద అది ఎలా కనిపిస్తుంది? ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నా దృష్టిలో ఇంటర్నెట్ మన ల్యాబ్ పిల్లలకు చేసిన గొప్ప మేలు ఇదే.

అమెరికాలోని వ్యాధుల నియంత్రణ కేంద్రం, సీడీసీ, ఒక విభాగం నడుపుతోంది. పేరు డీపీడీఎక్స్. ఇంగ్లీషు అక్షరాలు డి, పి, డి, ఎక్స్. పరాన్నజీవుల వల్ల వచ్చే జబ్బులను ల్యాబులో గుర్తించడానికే ఉన్న పేజీలవి. అక్షర క్రమంలో జబ్బుల పేర్లు ఉంటాయి. మలేరియా తెరవండి. మొదట జీవితచక్రం బొమ్మ వస్తుంది, అంకెలు వేసి మెట్టు మెట్టుగా. అందులో రెండు చిన్న గుర్తులు చూడండి. ‘ఐ’ అనే గుర్తు ఉన్న దశ మనిషికి సోకే దశ. ‘డి’ అనే గుర్తు ఉన్న దశ మనం ల్యాబులో పట్టుకోగలిగే దశ. ఏ పరాన్నజీవి బొమ్మలోనైనా ఈ రెండు గుర్తులు వెతికితే సగం పాఠం వచ్చేసినట్టే. ఒకటి జబ్బు ఎలా వస్తుందో చెబుతుంది, రెండోది ఏ శాంపిల్ తీయాలో చెబుతుంది.

కిందికి వెళితే ఫొటోలు. ముందు ఫాల్సిపారం ఉన్న థిన్ స్మియర్ చూడండి. ఎర్ర రక్తకణం మామూలు సైజులోనే ఉంటుంది. లోపల సన్నని ఉంగరం లాంటి ఆకారం. కొన్ని ఉంగరాలకు రెండు చుక్కలు. కొన్నిచోట్ల ఒకే కణంలో రెండు మూడు ఉంగరాలు. ఒక్కోటి కణం అంచుకు అతుక్కుని ఉంటుంది. తర్వాత నెలవంక ఆకారంలో గామెటోసైట్లు. ఇప్పుడు వైవాక్స్ ఫొటోలు తెరవండి. రక్తకణం ఉబ్బి పెద్దదై ఉంటుంది. కణం నిండా షూఫ్నర్ చుక్కలు అనే గులాబీ రంగు నలుసులు. లోపల పరాన్నజీవికి ఒక రూపం ఉండదు, అమీబాలా చెదిరి ఉంటుంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పట్టిక కూడా అక్కడే ఉంది. ప్రింటు తీసి మైక్రోస్కోపు పక్కన గోడకు అంటించుకోండి.

ఇక్కడితో ఆగితే బొమ్మలు చూసినట్టే, చదువుకున్నట్టు కాదు. ఫొటో చూసి ప్రశ్న వేయండి. ఫాల్సిపారం రోగి వేలి నుంచి తీసిన రక్తంలో ఎక్కువగా ఉంగరాలు, నెలవంకలే ఎందుకు కనిపిస్తాయి? మధ్య దశలన్నీ ఎక్కడికి పోయాయి? ఈ ప్రశ్నతో మళ్లీ పాఠ్యపుస్తకానికి వెళ్లండి. ముదిరిన పరాన్నజీవి ఉన్న రక్తకణాల మీద చిన్న చిన్న బుడిపెలు వస్తాయని, వాటితో ఆ కణాలు సన్నని రక్తనాళాల గోడలకు అతుక్కుపోతాయని తెలుస్తుంది. మెదడులోని నాళాల్లో అలా అతుక్కుంటే రోగి స్పృహ తప్పుతాడు. సెరెబ్రల్ మలేరియా అని మనం భయపడేది అదే. వేలి రక్తంలో కొద్దిపాటి ఉంగరాలే కనిపించినా రోగి పరిస్థితి విషమించడానికి కారణం అక్కడుంది. వైవాక్స్‌లో కణం ఎందుకు పెద్దది? ఆ క్రిమి కొత్తగా పుట్టిన లేత రక్తకణాలనే ఎంచుకుంటుంది, అవి మామూలుగానే కాస్త పెద్దవి. స్లైడు, పాఠం, రోగి పరిస్థితి మూడూ ఒకదానితో ఒకటి కలిసిన రోజు ఆ విద్యార్థి ముఖంలో వచ్చే వెలుగు నాకు బాగా తెలుసు. టీచర్‌గా అంతకంటే కోరుకునేది ఏముంటుంది?

స్మియర్ చేసే పద్ధతికి ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్ల ‘బేసిక్ మలేరియా మైక్రోస్కోపీ’ అనే పుస్తకం ఉంది. రెండు భాగాలు, ఒకటి నేర్చుకునేవాళ్లకు, ఒకటి నేర్పేవాళ్లకు. ఉచితంగా దించుకోవచ్చు. థిన్ స్మియర్‌ను మిథనాల్‌తో ఫిక్స్ చేయాలి, థిక్ స్మియర్‌ను చేయకూడదు. థిక్ స్మియర్‌లో రక్తకణాలు పగిలిపోయి హీమోగ్లోబిన్ కడుక్కుపోతేనే లోపలి క్రిములు కనిపిస్తాయి. ఒకే స్లైడు మీద రెండూ చేసినప్పుడు మిథనాల్ ఆవిరి తగిలినా థిక్ స్మియర్ పాడవుతుంది. థిక్ స్మియర్‌లో ఆయిల్ ఇమర్షన్ లెన్స్ కింద కనీసం 100 ఫీల్డులు చూడకుండా నెగెటివ్ అని రాయకూడదు. ఈ చివరి మాట ల్యాబుల్లో పనిచేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ప్రత్యేకంగా చెబుతున్నాను. పని ఒత్తిడి ఎంత ఉంటుందో తెలియక కాదు. ఆ 100 ఫీల్డుల వెనక జ్వరంతో ఉన్న ఒక మనిషి ఉన్నాడు.

సీడీసీ వాళ్లదే మరో భాండాగారం ఉంది, పబ్లిక్ హెల్త్ ఇమేజ్ లైబ్రరీ. క్లుప్తంగా పీహెచ్‌ఐఎల్, ఫిల్ అంటారు. బాక్టీరియా కాలనీలు, గ్రామ్ స్టెయిన్లు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు బొమ్మలు, రోగ లక్షణాల ఫొటోలు వేలల్లో ఉన్నాయి. చాలావాటిపై కాపీరైట్ లేదు. క్లాసు కోసం స్లైడ్లు తయారుచేసుకునే అధ్యాపకులు అక్కడి నుంచి తీసుకోండి, ఫొటో ఎవరిదో కింద రాయండి.

మూడో ప్రశ్న: ఇదంతా ఎవరు, ఎలా కనిపెట్టారు? మూల పరిశోధన వ్యాసం చదవడం ఎంఎస్సీ, పీహెచ్‌డీ వాళ్ల పని అని మన పిల్లల్లో ఒక అభిప్రాయం నాటుకుపోయింది. దాన్ని పోగొట్టడానికి, దోమలో మలేరియా క్రిమి పెరుగుతుందని చూపించిన రొనాల్డ్ రాస్‌ను మించిన సాయం లేదు. 1897 ఆగస్టు 20న, బేగంపేటలో, మలేరియా రోగిని కుట్టిన దోమను కోసి చూస్తుండగా దాని పొట్ట గోడలో నల్లటి రంగు నలుసులున్న కణాలు రాస్ కంటపడ్డాయి. తన రక్తం దోమలకు పెట్టిన రోగి పేరు హుస్సేన్ ఖాన్. దోమకు ఒక అణా చొప్పున రాస్ అతనికి ఇచ్చాడు. ఆ సంవత్సరం డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాస్ వ్యాసం వచ్చింది. మలేరియా రక్తం తాగిన రెండు దోమల్లో కనిపించిన విచిత్రమైన కణాల గురించి అని దాని శీర్షిక. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ వ్యాసం ఈరోజు మీ ఫోన్‌లో చదవచ్చు. పబ్‌మెడ్ సెంట్రల్ అనే భాండాగారంలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ పాత సంచికలు 1840 నుంచి స్కాన్ చేసి పెట్టారు. రెండు మూడు పేజీల చిన్న వ్యాసం. ఆ కణాల పరిమాణం ఎంత, రంగు ఏమిటి, మామూలు దోమల్లో ఎందుకు కనిపించలేదు, తను పొరబడ్డానా అని రాస్ ఎలా జాగ్రత్తపడ్డాడో చూడండి. శాస్త్రవేత్త ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవడానికి అంతకంటే మంచి పాఠం నేను చూడలేదు. హైదరాబాదు విద్యార్థి ఎవరైనా ఆ వ్యాసం చదవకుండా డిగ్రీ పూర్తి చేయడం అన్యాయం అనుకుంటాను.

పబ్‌మెడ్ వేరు, పబ్‌మెడ్ సెంట్రల్ వేరు. పబ్‌మెడ్‌లో మూడు కోట్లకు పైగా వ్యాసాల వివరాలు, సారాంశాలు ఉంటాయి, పూర్తి వ్యాసం అన్నిటికీ దొరకదు. పబ్‌మెడ్ సెంట్రల్‌లో ఉన్నవి పూర్తిగా చదవచ్చు. 2000లో మొదలైంది. పబ్‌మెడ్‌లో వెతికేటప్పుడు ఎడమవైపు కొన్ని గడులు ఉంటాయి. ‘ఫ్రీ ఫుల్ టెక్స్ట్’ అన్నది, ‘రివ్యూ’ అన్నది టిక్ పెట్టండి. కొత్తగా చదివేవాళ్లకు రివ్యూ వ్యాసాలే మంచివి. ఒక విషయం మీద అప్పటిదాకా జరిగిన పని అంతా ఒకచోట దొరుకుతుంది.

ప్రభుత్వ కాలేజీలవాళ్లకు ఇంకో శుభవార్త ఉంది. కేంద్ర ప్రభుత్వం ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ అనే పథకం పెట్టింది. 2025 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల విద్యార్థులు, అధ్యాపకులు 30 పెద్ద ప్రచురణ సంస్థల జర్నళ్లు, దాదాపు 13,000, చదువుకునే వీలు కల్పించారు. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇన్‌ఫ్లిబ్‌నెట్ అనే సంస్థ దీన్ని నడుపుతోంది. మీ కాలేజీకి లాగిన్ ఉందా లేదా అని రేపే లైబ్రేరియన్‌ను అడగండి. ప్రజల డబ్బుతో కొన్న జర్నళ్లు మన విద్యార్థులకు తెలియక మూతపడి ఉండటం చాలా పెద్ద నష్టం.

నాలుగో ప్రశ్న: ఇప్పుడు ఈ జబ్బు ఎక్కడ, ఎంత ఉంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఏటా వరల్డ్ మలేరియా రిపోర్ట్ వేస్తుంది. 2024లో వచ్చిన నివేదిక ప్రకారం 2023లో ప్రపంచమంతటా 26 కోట్ల 30 లక్షల కేసులు, 5 లక్షల 97 వేల మరణాలు. మలేరియా భారం ఎక్కువగా ఉన్న దేశాల జాబితా నుంచి మన దేశం 2024లో బయటికి వచ్చింది. ఇది సంతోషించాల్సిన విషయం. అల్లూరి సీతారామరాజు జిల్లా కొండల్లో, భద్రాద్రి కొత్తగూడెం ఏజెన్సీలో వానాకాలం వస్తే ఆశా కార్యకర్తలు ఆర్‌డీటీ అనే తక్షణ పరీక్ష కిట్లు పట్టుకుని గూడేలకు తిరుగుతున్నది కూడా నిజమే.

మన దేశంలో వ్యాధులు ప్రబలిన వార్తలు కావాలంటే ఢిల్లీలోని జాతీయ వ్యాధి నియంత్రణ కేంద్రం, ఎన్‌సీడీసీ, ఉంది. దాని కింద 2004 నుంచి ఐడీఎస్‌పీ అనే నిఘా కార్యక్రమం నడుస్తోంది. వాళ్ల వారపు నివేదికల్లో ఏ రాష్ట్రం, ఏ జిల్లా, ఏ జబ్బు, ఎంతమందికి, ఏం చర్య తీసుకున్నారు అన్నది వరసగా ఉంటుంది. మీ జిల్లా పేరు వెతకండి. వాంతులు, విరేచనాలు అని ఉంటే నీటి నమూనా ఫలితం ఏమొచ్చిందో చూడండి. పుస్తకంలో కలరా అధ్యాయం చదివినదానికీ, పక్క మండలంలో పైపు పగిలి జనం ఆసుపత్రి పాలైనదానికీ ఉన్న సంబంధం అప్పుడు అర్థమవుతుంది. ప్రపంచ వార్తలకు ప్రోమెడ్ ఉంది, 1994లో మొదలైంది. 2003 ఫిబ్రవరిలో చైనాలో అంతుచిక్కని జ్వరం గురించి, 2019 డిసెంబరు 30న వూహాన్‌లో న్యుమోనియా కేసుల గురించి బయటి ప్రపంచాన్ని ముందుగా హెచ్చరించినవాటిలో అది ఒకటి. మొదటిది సార్స్, రెండోది కోవిడ్.

చికిత్స విషయంలో ఒక్కటే మాట. మలేరియాకు మన దేశపు మార్గదర్శకాలు జాతీయ కీటకజనిత వ్యాధుల నియంత్రణ కేంద్రం వాళ్లవి. బాక్టీరియా జబ్బులకు యాంటీబయాటిక్ వాడకం మీద ఐసీఎంఆర్, ఎన్‌సీడీసీ మార్గదర్శకాలు ఉన్నాయి. డాక్టర్లు కాని శ్రోతలు వీటిని తెలుసుకోవడానికి చదవండి, మందు వేసుకోవడానికి కాదు. వైవాక్స్ మలేరియా క్రిమి కాలేయంలో నిద్రాణంగా ఉండిపోతుంది, నెలల తర్వాత మళ్లీ లేస్తుంది. దాన్ని చంపడానికి ప్రిమాక్విన్ 14 రోజులు వాడతారు. కానీ జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్నవాళ్లకు అదే మందు రక్తకణాలను పగలగొడుతుంది. గర్భిణులకు ఇవ్వరు. ఫోన్‌లో చదివి మందుల షాపుకి వెళితే ఈ తేడా ఎవరు చూస్తారు?

కల్చర్ సెన్సిటివిటీ చేసే ల్యాబులవాళ్లు యూకాస్ట్ వెబ్‌సైట్ చూడండి. యూరప్ వాళ్లది. జోన్ ఎన్ని మిల్లీమీటర్లుంటే మందు పనిచేస్తుందని రాయాలో తెలిపే పట్టికలు ఏటా కొత్తవి పెడతారు, అన్నీ ఉచితం. డిస్క్ డిఫ్యూజన్ ఎలా చేయాలో వీడియోలూ ఉన్నాయి. అమెరికా సంస్థ సీఎల్‌ఎస్‌ఐ వాళ్ల ఎం100 పట్టికలు కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. ఏళ్ల నాటి పట్టిక గోడకు అంటించుకుని ఈనాటి రిపోర్టులు రాసే ల్యాబులు ఉన్నాయి. దయచేసి ఈ వారమే మార్చండి.

వినడం ద్వారా నేర్చుకునేవాళ్లకు కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు విన్సెంట్ రకనియెల్లో వైరాలజీ పాఠాలు యూట్యూబ్‌లో పూర్తి సెమిస్టరు ఉన్నాయి. 2008 నుంచి ఆయన నడిపే దిస్ వీక్ ఇన్ వైరాలజీ పాడ్‌కాస్ట్ కూడా మంచిది. మనవాళ్ల పాఠాలు కావాలంటే ఎన్‌పీటీఈఎల్, స్వయం ఉన్నాయి. ఐఐటీలు, ఇతర విద్యాసంస్థల అధ్యాపకులు చెప్పినవి. పాఠాలు ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకే ఫీజు. కొన్ని కోర్సులకు తెలుగు అనువాదాలు కూడా ఉన్నాయి. అమృత విశ్వవిద్యాపీఠం వాళ్ల వర్చువల్ ల్యాబ్స్‌లో గ్రామ్ స్టెయిన్, స్ట్రీక్ ప్లేట్ లాంటి ప్రయోగాలు తెర మీద చేసి చూడొచ్చు. ప్రాక్టికల్స్‌కు ముందు రోజు రాత్రి చూసుకుంటే చాలా సాయం. కానీ ఇనాక్యులేషన్ లూప్ ఎంత ఎర్రగా కాల్చాలో, అగార్ చిరగకుండా ఎంత తేలిగ్గా గీయాలో చేత్తో చేస్తేనే వస్తుంది. ల్యాబు లేని కాలేజీకి ఏ వెబ్‌సైటూ ల్యాబు కాదు. యాజమాన్యాలు ఈ మాట వినాలి.

ఇక జాగ్రత్తల సంగతి. డబ్బు తీసుకుని, ఎవరూ సరిచూడకుండా, ఏది పంపినా అచ్చువేసే జర్నళ్లు ఇంటర్నెట్ నిండా ఉన్నాయి. హైదరాబాదు కేంద్రంగా నడిచిన అలాంటి ఒక ప్రచురణ వ్యాపారం మీద 2019లో అమెరికా కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని తీర్పు ఇచ్చింది. పేరు గంభీరంగా ఉందని జర్నల్‌ను నమ్మకండి. ఎడిటర్లు ఎవరు, మెడ్‌లైన్ అనే వైద్య జర్నళ్ల సూచికలో ఉందా, మీ సబ్జెక్టు టీచర్‌కు తెలుసా అని చూడండి. ఈ మధ్య కృత్రిమ మేధతో నడిచే చాట్‌బాట్లను అడగడం పెరిగింది. తెలుగులోనే చక్కగా చెబుతాయి, కష్టమైన పేరాను విడమరచడానికి పనికొస్తాయి. కానీ లేని వ్యాసాల పేర్లు, తప్పు మోతాదులు కూడా అంతే ధీమాగా చెబుతాయి. అవి చెప్పిన ప్రతి అంకెనూ మూలంలో సరిచూసుకోవాలి.

ఉచితంగా ఉన్నది ఎప్పటికీ ఉంటుందనే హామీ కూడా లేదు. 2025 జనవరి చివర్లో సీడీసీ వెబ్‌సైట్ నుంచి కొన్ని పేజీలు తీసేశారు. కోర్టు ఉత్తర్వు తర్వాత తిరిగి పెట్టారు. కాబట్టి అవసరమైన పుస్తకాలు, పట్టికలు మీ కంప్యూటర్‌లో దాచుకోండి.

మలేరియా పూర్తయ్యాక ఏం చదవాలి అని అడిగేవాళ్లకు బోదకాలు చెబుతాను. గోదావరి జిల్లాల పెద్దవాళ్లకు ఈ జబ్బు గురించి వేరే చెప్పనక్కర్లేదు. డీపీడీఎక్స్‌లో ఫైలేరియా పేజీ తెరవండి. మైక్రోఫైలేరియాలు రాత్రిపూటే రక్తంలోకి ఎందుకు వస్తాయి, అందుకే రక్తం రాత్రి పదింటి తర్వాత ఎందుకు తీస్తారు అన్న ప్రశ్నతో మొదలుపెట్టండి. దానికి మందుగా ఇప్పటికీ ఊరూరా పంచుతున్న డీఈసీ వచ్చింది లెడర్లీ కంపెనీలో మన యల్లాప్రగడ సుబ్బారావు గారు నడిపించిన పరిశోధన నుంచి. భీమవరంలో పుట్టిన మనిషి. ఆ కథ కూడా పబ్‌మెడ్‌లో వెతికితే దొరుకుతుంది.

చివరగా అధ్యాపకులకు, లైబ్రేరియన్లకు నా మనవి. ఓపెన్‌స్టాక్స్ పుస్తకాన్ని మూలం పేరు చెప్పి కాపీ చేయడానికి, ప్రింటు తీయడానికి, అనువదించడానికి కూడా అనుమతి ఉంది. ముందుగా ఆ పీడీఎఫ్‌ను, ప్రపంచ ఆరోగ్య సంస్థ మలేరియా మైక్రోస్కోపీ పుస్తకాన్ని మీ కాలేజీ లైబ్రరీ కంప్యూటర్లన్నిటిలో పెట్టండి. నెట్ లేని పిల్లలకు పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. తర్వాత మీ విద్యార్థులను నలుగురైదుగురు చొప్పున కూర్చోబెట్టి, ఒక్కో జట్టుకు ఒక్కో జబ్బు ఇచ్చి, అందులో ఒక భాగాన్ని తెలుగులో రాయించండి. మీరు దిద్దండి. అలా తయారైనదాన్ని మూలం పేరుతో సహా పక్క కాలేజీకి పంచండి. మన జిల్లాల్లో ఈ పని ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుకావాలని కోరుకుంటున్నాను.